నవ్వులమారి

కూరగాయల బజారు చివర, చేపల షెడ్డుకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య ఒక రేకుల గది ఉంది. వానలు మొదలయ్యాయంటే దాని ముందు జనం బుట్టలు పట్టుకుని బారులు తీరతారు. అడవిలో ఏరుకొచ్చిన పుట్టగొడుగులు అక్కడ చూపించి, బుట్ట పిడికి పచ్చ దారం కట్టించుకుంటే తప్ప అమ్మడానికి లేదు. ఇంట్లో వండుకునేవాళ్లకి ఆ నిబంధన లేకపోయినా, ప్రాణం మీద తీపి ఉన్నవాళ్లు వచ్చి చూపించుకునే పోతారు. లోపల బల్ల వెనక కూచుని చూసేది ఒక పొట్టి మనిషి. యాభై దాటాయి. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. బజారంతా "మొదలేదీ" అనే పిలుస్తుంది.

బుట్ట బల్ల మీద బోర్లించగానే అతని నోటివెంట వచ్చే మొదటి మాట అదే మరి. కాడ కింది దాకా మట్టితో సహా పెకలించి తెస్తే సరే. చూడముచ్చటగా ఉండాలని కత్తితో కోసుకొచ్చారో, ఇక ఎవరి మాటా వినడు. మొత్తం బల్ల కింద డబ్బాలోకి తోసేస్తాడు. "పొద్దున్నుంచీ కాళ్లరిగేలా తిరిగానయ్యా" అని బజార్లో గుడ్లమ్మే ఆమె ఓసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను కరగలేదు.

"మనిషినైతే మొహం చూసి పోల్చుకుంటాం. దీన్ని కాళ్లు చూసి పోల్చుకోవాలి. కాళ్లు అడవిలో వదిలేసొచ్చి నన్ను చూడమంటే ఏం చూడనూ?" అన్నాడు.

అతని కోపంలో అర్థం ఉంది. ఆ చుట్టుపక్కల అందరూ ఇష్టంగా తినే తెల్ల పుట్టగొడుగొకటి ఉంది. పచ్చిక బయళ్లలో మొలుస్తుంది. దానికి అచ్చం తోడబుట్టినట్టుండేది ఇంకోటి, చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని మొలుస్తుంది. పైనుంచి చూస్తే రెండూ ఒక్కటే. రెండింటికీ కాడ మెడలో పల్చటి పట్టీ ఉంటుంది. మంచిదానికి గొడుగు కింది మడతలు గులాబీ రంగులో ఉండి, పోనుపోను గోధుమరంగుకి తిరుగుతాయి. చెడ్డదానికి చివరిదాకా తెలుపే. అన్నిటికన్నా గట్టి గుర్తు మట్టిలో ఉంటుంది. చెడ్డదాని మొదలు, చిరిగిన తెల్ల సంచిలో కాలు పెట్టుకున్నట్టుగా ఉంటుంది. దాన్ని అక్కడివాళ్లు నవ్వులమారి అంటారు. తిన్న మనిషి వాంతులతో విరేచనాలతో ఒక రోజు విలవిల్లాడి, మర్నాడు తేరుకుని, లేచి కూచుని అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. ఆ తర్వాత లోపల కాలేయం చచ్చిపోతుంది.

ఇవన్నీ అతనికి ఏ బడిలోనూ రాలేదు. అక్క నేర్పింది. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. అడవికి తీసుకెళ్లి, ఒక నవ్వులమారిని పెకలించి ముక్కు ముందు పెట్టేది.

"మడతలు?"

"తెలుపు."

"మెడలో?"

"పట్టీ."

"మొదట్లో?"

"సంచి."

"అయితే?"

"అయితే మనిషి దక్కడు."

తడబడితే నెత్తిన మొట్టికాయ పడేది. గడగడా చెబితే జుట్టు చెరిపి, జేబులోంచి బిస్కెట్టు తీసి ఇచ్చేది. ఆ బిస్కెట్టు కోసం అతను నిద్రలో కూడా చెప్పేవాడు.

కాబట్టి ఆ బల్ల మీద బోర్లించని బుట్ట ఒక్కటే ఉంది. అది అక్కది. అక్క పెకలించదు, కోస్తుంది. వంకీ తిరిగిన చిన్న కత్తితో, ఎడమ చేత్తో, ఏటవాలుగా ఒక్క వేటు. వంటింట్లోకి మట్టి రావడం ఆవిడకి గిట్టదు. పచ్చిక బయల్లో తప్ప ఇంకెక్కడా ఏరదు కనుక, మొదలు చూడాల్సిన అవసరమూ ఆవిడకి లేదు. బుట్టని తమ్ముడి దగ్గరికి తేవడం ఒక సరదా, అంతే. బారులో ముందుకొచ్చి, నలుగురిలో తమ్ముడి చేత దారం కట్టించుకుని పోతుంది.

ఆ శనివారం కూడా వచ్చింది. గడప తట్టుకుని తూలి, "ఈ గడప ఎవడు కట్టాడో గానీ వాడి చేతులు విరగ" అని తిట్టింది. బుట్ట బల్ల అంచున సగం బయటికి పెట్టింది. పడబోతుంటే అతనే పట్టుకున్నాడు.

"ఏంటక్కా, ముసలితనం వచ్చేసిందా?"

"నీకొచ్చిందేమో చూసుకో. నెత్తిన వెంట్రుక లేదు గానీ నాకు చెప్పొస్తాడు."

బారులో ఉన్నవాళ్లు నవ్వారు. గుడ్లామె మాత్రం నవ్వలేదు. "ఆవిడ బుట్టకి గుడ్డ కూడా తియ్యరా? మాకో న్యాయం, మీ అక్కకో న్యాయమా?" అంది.

"నాకు అక్షరాలు దిద్దించినావిడకి నేను పరీక్ష పెట్టనా?" అని అతను గుడ్డ మీదే చెయ్యేసి, గట్టిగా ముడేసి పచ్చ దారం కట్టాడు. అలా అన్నందుకు లోలోపల గర్వపడ్డాడు కూడా.

సాయంత్రం అక్క కూతురు అతని ఇంటికి మూత పెట్టిన గిన్నె తెచ్చింది. బేకరీలో రాత్రి డ్యూటీ ఆ పిల్లకి. తిండి కూడా అక్కడే.

"అమ్మ పంపింది మావయ్యా. చల్లారకముందే తినమంది" అని గుమ్మంలోంచే ఇచ్చి వెళ్లిపోయింది. అతనికి ఆ రోజు దవడ పన్ను సలుపుతోంది. కాసిని గోరువెచ్చని పాలు తాగి, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, దవడకి గుడ్డ కట్టుకుని పడుకున్నాడు.

పొద్దున్నే ఫోన్ మోగింది. మేనకోడలి గొంతులో ఏడుపు తప్ప మాట లేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి తల్లి స్నానాలగదిలో నేల మీద పడి ఉందట, ఒళ్లంతా తడుపుకుని. చెప్పులు వేసుకోకుండానే ఆసుపత్రికి పరిగెత్తాడు.

అక్క మంచంలో ముడుచుకుపోయి ఉంది. పెదాలు ఎండిపోయాయి. చేతికి సెలైన్ ఎక్కుతోంది. డాక్టరమ్మ అతన్ని వసారాలోకి తీసుకెళ్లింది. చిన్న వయసే గానీ మాట మీద పట్టున్న మనిషి.

"ఎప్పుడు తిన్నారు?"

"నిన్న సాయంత్రమండీ."

"వాంతులు తెల్లవారుజామున మొదలయ్యాయి."

అతను తల దించుకున్నాడు. తిన్న వెంటనే కక్కించేవి చాలావరకు కక్కించి వదిలేస్తాయి. ఒక రాత్రంతా ఆగి మొదలుపెట్టేదాని సంగతి ఆవిడకీ తెలుసు, అతనికీ తెలుసు.

"విరుగుడు మొదలుపెట్టేశాను, దానికోసం ఆగలేదు. కానీ అదేనని తేలితే పెద్దాసుపత్రికి పంపాలి. కాలేయం మార్చే ఏర్పాటు అక్కడే ఉంది. అనుమానంగా ఉందంటే వాళ్లు మంచం ఇవ్వరు. బుట్ట చూసింది మీరే కదా, చెప్పండి. ఏం పుట్టగొడుగులు?"

"దారం కట్టాను. చూడలేదు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది. "సరే, ఇప్పుడు చూసి రండి" అని మాత్రం అంది.

గిన్నె తెచ్చి ఆవిడకిచ్చాడు. సన్నగా తరిగి, నూనెలో నల్లగా వేయించిన ముక్కలు. ఎంత తిప్పి చూసినా అందులో అతనికి ఏ గుర్తూ దొరకలేదు. పరీక్షకి పంపితే జవాబు రావడానికి చాలా రోజులు పడుతుందని ఆవిడ చెప్పింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. కోసిన గొడుగులు కడుపులోకి పోయినా, వాటి మొదళ్లు ఎక్కడివక్కడే నేలలో ఉంటాయి. వెళ్లి తవ్వి చూడాలి.

బయల్దేరుతుంటే మేనకోడలు చెయ్యి పట్టుకుంది.

"మావయ్యా, నీకో మాట చెప్పలేదు. అమ్మకి కళ్లు కనపట్లేదు. పొర కమ్మేసిందట, ఆపరేషన్ చెయ్యాలన్నారు. నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెబితే అడవికి వెళ్లనివ్వవని అమ్మ భయం."

"ఎప్పట్నుంచీ?"

"పోయిన వానాకాలం నుంచీ. ఎదురుగా కూచుంటావు కదా, నువ్వైనా కనిపెడతావేమో అనుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా అతను తట్టుకునేవాడేమో. గడప తట్టుకోవడం, బుట్ట బల్ల అంచున పెట్టడం, టీ పోసేటప్పుడు కప్పులోకి వేలు పెట్టి ఎంతదాకా వచ్చిందో చూసుకోవడం, ఒక్కొక్కటే అతని కళ్ల ముందుకి వచ్చాయి. గడ్డిలో కదిలేది వానపామో పాముపిల్లో పది అడుగుల అవతల నుంచి చెప్పేస్తాడు. రెక్క చప్పుడు విని పిట్ట పేరు చెబుతాడు. ఇంత పెద్ద మనిషి ఎదురుగా నిలబడి గుర్తు మీద గుర్తు చూపిస్తుంటే, ముసలితనమని వేళాకోళం చేశాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

పచ్చిక బయలు ఊరవతల, వాగు దాటాక. తుంపర పడుతోంది. గడ్డి మీద వంగి ఈ చివర నుంచి ఆ చివరకి వెతికాడు. పుట్టగొడుగులు బోలెడున్నాయి. ఒక్కటీ కోసి లేదు. అక్క ఇక్కడికి రానేలేదు. మరి వెళ్లింది ఎక్కడికి?

బయలు అంచున ఈ మధ్యే ఎవరో పశువుల కోసం తీగకంచె వేశారు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. కళ్లు కనబడని మనిషికి చేతికో ఆధారం కావాలి. బాట దిగగానే చేతికి తగిలేది ఆ కంచే. దాన్ని పట్టుకుని నడిస్తే బయల్లోకి వెళుతున్నాననే అనుకుంటుంది. కంచె మాత్రం కొంతదూరం పోయి పక్కకి తిరిగి, చెట్ల కిందికి పోతుంది. నిన్నంతా మబ్బు. ఎండకీ నీడకీ తేడా తెలిసే రోజు కాదు.

తీగ మీద చెయ్యేసి, కళ్లు సగం మూసుకుని నడిచాడు. చెట్ల కిందికి వచ్చాక కంచె పక్కనే కనిపించింది మొదటి తెగిన కాడ. వేలెడంత ఎత్తున, ఏటవాలు కోత. కుడిచేతి వాటం వాళ్లు కోస్తే వాలు ఇటుంటుంది, ఇది అటుంది. వేల కోతల్లోనైనా ఆ కోతని పోల్చుకోగలడు. అక్క చేతి రాత లాంటిది అది.

మోకాళ్ల మీద కూచుని గోళ్లతో తవ్వాడు. మొదలు బోసిగా వచ్చింది, సంచి లేదు. ఊపిరి పీల్చుకున్నాడు. కొంచెం అవతల ఇంకోటి. అదీ బోసే. ఇదేదో చెట్ల కింద మొలిచే మామూలు రకం. అతనికి ఆశ పుట్టింది. ఇంకోటి, ఇంకోటి అనుకుంటూ ముందుకి పాకాడు. ఒక పెద్ద చెట్టు వేళ్ల సందులో, ఆకులు కుళ్లిన మట్టిలో వేలు దించేసరికి మెత్తగా, పల్చగా, తడి గుడ్డలాంటిదేదో తగిలింది. ఆ స్పర్శ అతనికి ఏడేళ్ల వయసు నుంచీ తెలుసు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తర్వాత మళ్లీ పెట్టి, చిరగకుండా నెమ్మదిగా పైకి తీశాడు.

తెల్ల సంచి. దాని పైన అక్క కోత. అక్కడే కూలబడి, మట్టి చేతులతో మొహం కప్పుకుని గట్టిగా ఏడ్చాడు. తుంపరలో వినేవాళ్లు ఎవరూ లేరు.

సాయంత్రానికి డాక్టరమ్మ దాన్ని చూసింది. ఫోన్లు చేసింది. పెద్దాసుపత్రిలో రేపు మధ్యాహ్నానికి మంచం దొరికింది. "వయసు మీద పడింది. రక్తపరీక్ష అప్పుడే బాగా లేదు. ఆశ లేదనను, ఉందని కూడా అనలేను" అంది. మర్నాడు తేరుకున్నట్టు కనిపిస్తుంది, నమ్మొద్దు అని మేనకోడలికి చెప్పింది. ఆ పిల్ల తల ఊపింది గానీ, ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషికి మాట చెవికెక్కలేదు.

మర్నాడు పొద్దున అతను వార్డులోకి వచ్చేసరికి నవ్వులు వినిపించాయి. అక్క దిండు కానుకుని కూచుంది. జుట్టు దువ్వించుకుంది. పక్క మంచం ముసలాయన గురక ఎలా పెడతాడో పెట్టి చూపిస్తోంది. మేనకోడలి మొహం వెలిగిపోతోంది.

"చూశావా మావయ్యా! వాంతులు కట్టాయి. నొప్పి లేదంట. టీ కావాలంట. ఇంకెందుకు అంబులెన్సూ, పెద్దాసుపత్రీ? డాక్టర్లు ఊరికే భయపెడతారు. నువ్వు చెప్పు డాక్టరమ్మకి, ఇంటికి తీసుకుపోతాం."

అక్కే అడ్డుపడింది.

"ముందు నువ్వు వెళ్లి టీ తేవే. చక్కెర దండిగా వేయించు."

మేనకోడలు ఫ్లాస్కు పట్టుకుని దాదాపు గెంతుకుంటూ పోయింది. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా అక్క ఆగింది. మొహంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది.

"ఏరా, నేను పంపిన గిన్నె?"

"తినలేదక్కా."

"ఒక్క ముక్క కూడా?"

"మూతే తియ్యలేదు. పన్ను సలిపింది."

అక్క కళ్లు మూసుకుంది. రెప్పల కింది నుంచి నీళ్లు కారాయి. చేత్తో తడుముతూ అతని దవడ దొరికించుకుని నిమిరింది.

"నిన్నంతా అదే నన్ను తినేసింది, కడుపునొప్పి కాదు. ఎవర్ని అడగాలన్నా భయమేసింది. ఆ పన్ను పీకించుకోకురా. బంగారం తొడుగు వేయించుకో."

అతను నవ్వబోయి వెక్కాడు. "నేను చూడలేదక్కా. గుడ్డ తీసి ఒక్కసారి చూసుంటే..."

"నేను చూపించుకోలేదు. నీ ముందు గుడ్డినని ఒప్పుకోవడం నామోషీ అయింది. ఇద్దరం ఇద్దరమే." ఆవిడ అరచెయ్యి చాపింది. "అడవికి వెళ్లొచ్చావు. నీ దగ్గర మట్టి వాసనొస్తోంది. మొదలేదీ?"

బజారంతా అతన్ని ఎక్కిరించే ఆ మాట అక్క నోట ఎప్పుడూ రాలేదు. అతను జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పి, అందులోది ఆవిడ చేతిలో పెట్టాడు. అక్క దాన్ని కళ్ల దగ్గరికి తీసుకోలేదు. బొటనవేలితో ముందు కోత తడిమింది. తర్వాత నెమ్మదిగా కిందికి దిగి, సంచి అంచు చుట్టూ ఒకసారి తిప్పింది.

"నా కోతే" అంది.

వసారాలో అంబులెన్సు వాళ్లు చక్రాల మంచం తోసుకొస్తున్న చప్పుడు వినబడింది. అక్క దాన్ని అతని ముక్కు ముందు పట్టుకుంది, చిన్నప్పటిలాగే.

"మడతలు?"

"అక్కా, వద్దు."

"మడతలేవీ లేవు, తినేశాను. సరే, మెడలో?"

అతను వసారా వైపు చూశాడు.

"పట్టీ. అదీ నేనే చెప్పాలా? మొదట్లో?"

"సంచి."

"అయితే?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడకి అది కనబడదని గుర్తొచ్చింది.

"అయితే ఏంట్రా? నీ దగ్గర తప్ప నేనెవరి దగ్గర వినను? పిల్ల వచ్చేస్తుంది. దాని ముందు నవ్వాలి నేను, బండెక్కేదాకా నవ్వాలి. చెప్పు."

"అయితే..." అన్నాడు. గొంతు ఏడేళ్ల పిల్లాడిదైపోయింది. "అయితే మనిషి దక్కడు."

అక్క చెయ్యి పైకి లేచింది. గాలిలో కొంచెం వెతుక్కుని, అతని తల మీదికి వచ్చి, ఉన్న నాలుగు వెంట్రుకలూ చెరిపింది. ఫ్లాస్కు పట్టుకుని మేనకోడలు గుమ్మంలోకి వచ్చింది. అతను మొదలుని గబగబా రుమాల్లో చుట్టేశాడు. అక్క గుమ్మం వైపు తిరిగి నవ్వుతూ చెయ్యి చాపింది.

"తెచ్చావా? నిండా పొయ్యి. మీ మావయ్యకి కూడా."